అన్ని లోకములకు ఒకే నియమము

సాయంకాలపు వేళ వీథిలో పిల్లలు దొంగలును పోలీసులునై ఆడుకొనుట మనమందరము చూచినదే. ఒక పిల్లవాడు చూపుడువ్రేలిని తుపాకివలె చాచి, నోటితోనే ప్రేల్చి, “నువ్వు చచ్చిపోయావు” అనును. రెండవవాడు పడడు. “నాకు తగల్లేదు, నేను స్తంభం చాటున ఉన్నాను” అనును. తగిలినదని ఒకడు, తగులలేదని ఒకడు. తగవు ముదిరినచో ఆట అంతటితో ముగియును. లేదా అరుగు మీద కూర్చున్న తాతగారి యొద్దకు తీర్పునకై పరుగెత్తుదురు.

తగవు చిన్నదే కాని, అందులోని ప్రశ్న చిన్నది కాదు. చదరంగములో గుఱ్ఱము ఎట్లు దూకునో ముందే నిర్ణయమై యున్నది. పచ్చీసులో గవ్వలు పడినదానిని బట్టి కాయ కదలును. అచ్చట ఎవరికిని సందేహము రాదు. ఊహలో జరిగిన పనికి కొలత ఏది? బాణము తగిలినదా, గోడ దూకగలిగినాడా, కాపలావాడు చెప్పినమాట నమ్మినాడా అని తేల్చు నియమము ఎట్లుండవలెను? ఒక కథకు సరిపోయిన నియమము వేరొక కథకు కూడ సరిపోవునా? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకినవారి చరిత్ర రెండువందల యేండ్లకు పైబడినది. అది సేనాపతుల శిబిరములలో మొదలై, మధ్యతరగతి ఇండ్లలోని భోజనపు బల్లలకు వచ్చి, ఒకసారి న్యాయస్థానపు మెట్లు కూడ ఎక్కినది.

ముందుగా ఆ ఆట ఎట్టిదో చెప్పుకొందము. ఆంగ్లమున దానిని రోల్ ప్లేయింగ్ గేమ్ అందురు. మనము పాత్రధారణ క్రీడ అనవచ్చును. నలుగురైదుగురు మిత్రులు బల్ల చుట్టు కూర్చుందురు. ఒకరు తప్ప మిగిలినవారు తలకొక పాత్రను ధరింతురు. వేషము లేదు, రంగస్థలము లేదు, మాటయే ఆట. మిగిలిన ఆ ఒక్కరు సూత్రధారుడు. అతడు సన్నివేశమును వర్ణించును. “పాడుపడిన కోట ద్వారము ముందు మీరు నిలిచియున్నారు. తలుపునకు తాళము వేసియున్నది. లోపల ఎవరో దగ్గుచున్నారు. ఏమి చేయుదురు?” అని అడుగును. ఒకడు తాళము తీసెదననును. ఒకడు తలుపు విరిచెదననును. ఒకామె లోపలి మనిషిని పిలిచి మంచిమాటలాడెదననును. ఆ ప్రయత్నము ఫలించినదో లేదో పాచికలు వేసి, నియమములతో సరిచూచి నిర్ణయింతురు. అక్కడినుండి కథ ముందుకు సాగును. ఒకరు గెలిచి మరియొకరు ఓడుట ఇందులో ముఖ్యము కాదు. కథ ఏమగునో ముందుగా ఎవరికిని తెలియకుండుటయే ఇందలి ఆకర్షణ.

ఈ వినోదమునకు మూలము సైనికశిక్షణలో ఉన్నది. 1812లో ఫాన్ రైస్విట్స్ అను ప్రష్యా దేశస్థుడు తమ రాజగు మూడవ ఫ్రెడరిక్ విల్‌హెల్మ్‌నకు బల్లమీద ఆడదగిన యుద్ధక్రీడ నొకదానిని చూపెను. ఆయన కుమారుడు ఫిరంగిదళములో అధికారి. తండ్రి చేసినదానిని సంస్కరించి, 1824లో ఆతడు ఒక నియమావళిని ప్రకటించెను. చదరంగపు గడులు పోయి, వాని స్థానమున నిజమైన భూమిపటము వచ్చినది. ఆ పటము ఎనిమిదివేలలో ఒకవంతు కొలతకు గీయబడినది. ఎరుపు, నీలము రంగులు పూసిన లోహపు దిమ్మలు దళములు. ఆటలో ఒక్కొక్క ఎత్తు రెండు నిమిషముల యుద్ధకాలమునకు సమానము. కాల్పులలో ఎందరు కూలిరో పాచికలు చెప్పును. ఉభయపక్షముల వారును తమ ఆజ్ఞలను కాగితముపై వ్రాసి మధ్యవర్తికి ఇత్తురు. శత్రువు ఎక్కడ నున్నాడో ఆ మధ్యవర్తి తెలిపినంతమేరకే తెలియును. ప్రష్యా సైన్యపు జనరల్ స్టాఫ్ అధిపతియైన ఫాన్ మ్యుఫ్లింగ్ దీనిని చూచి, ఇది ఆట కాదు, యుద్ధవిద్యయే యని గుర్తించి సైన్యమునకు సిఫారసు చేసెను.

ఇందులో రెండు సంగతులు గమనింపదగినవి. ఒకటి పాచిక, రెండు మధ్యవర్తి. యుద్ధములో ఎంత చక్కని ఆలోచనయైనను తప్పిపోవచ్చును; ఆ అనిశ్చయమునకు పాచిక గుర్తు. పట్టికలలో వ్రాయబడని పరిస్థితి వచ్చినప్పుడు తీర్పు చెప్పుటకు అనుభవజ్ఞుడొకడు ఉండవలెను, అతడే మధ్యవర్తి. కాలక్రమమున పట్టికలు పెరిగినవి, లెక్కలు పెరిగినవి, ఆట మెల్లగా నడువజొచ్చినది. 1876లో వెర్దీ దు వెర్న్వా అను ప్రష్యా సేనాని ఈ పద్ధతిని విమర్శించుచు ఒక గ్రంథము వ్రాసెను. పట్టికలును పాచికలును అంతగా అవసరము లేదనియు, అనుభవముగల మధ్యవర్తి మాటయే చాలుననియు ఆయన వాదము. నియమము ప్రధానమా, తీర్పరి ప్రధానమా అను వివాదము ఆనాడే స్పష్టమైన రూపము దాల్చినది. అది నేటికిని తీరలేదు. మనము చెప్పుకొనబోవు కథ అంతయు ఆ వివాదపు కొనసాగింపే.

అమెరికా సైన్యమున చార్లెస్ టాటన్ అను అధికారి 1880లో స్ట్రాటెగోస్ అను యుద్ధక్రీడా గ్రంథమును ప్రకటించెను. దాదాపు తొంబది యేండ్ల తరువాత మిన్నెసోటా రాష్ట్రమున డేవిడ్ వెస్లీ అను యువకుడు ఆ పాతపుస్తకమును శ్రద్ధగా చదివెను. ఆటగాడు ఏమి చేయదలచినను ప్రయత్నింపవచ్చుననియు, దాని ఫలితమును మధ్యవర్తి నిర్ణయించుననియు గల భావము ఆయనను ఆకర్షించినది. 1969లో ఆయన నెపోలియను కాలపు జర్మను పట్టణ మొకదానిని కల్పించి, దానికి బ్రౌన్‌స్టైన్ అని పేరు పెట్టి మిత్రులచే ఆడించెను. సేనానాయకుల పాత్రలతోపాటు పట్టణములోని ప్రముఖుల పాత్రలను కూడ మిత్రులకు పంచి ఇచ్చెను. యుద్ధము ఇంకను మొదలు కాకమునుపే ఆటగాండ్రు మూలమూలలకు పోయి రహస్య మంతనములు జరిపిరి, కుట్రలు పన్నిరి, ద్వంద్వయుద్ధములకు సిద్ధపడిరి. ఆట అదుపు తప్పినదని వెస్లీ నిరుత్సాహపడెను. మిత్రులు మాత్రము మరల ఎప్పుడు ఆడుదుమని అడిగిరి. సైన్యమును కదిలించుటకంటె ఒక మనిషిగా నుండుటయే వారికి ఎక్కువ నచ్చినది.

ఆ మిత్రులలో డేవ్ ఆర్నెసన్ ఒకడు. ఆయన ఈ పద్ధతిని కత్తులు, కోటలు, మాంత్రికులు గల బ్లాక్‌మూర్ అను కల్పితదేశమునకు తీసికొనిపోయెను. విస్కాన్సిన్ రాష్ట్రమున లేక్ జెనీవా పట్టణ నివాసియైన గ్యారీ గైగాక్స్ ఆయనతో కలిసి నియమములను గ్రంథస్థము చేసెను. 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను పేరున అది ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకములుగా వెలువడినది. మొదటి ముద్రణ వేయి ప్రతులు. అవి ఏడాదిలోపుననే చెల్లిపోయినవి. పాత్రధారణ క్రీడ అచ్చులో పుట్టుట అదియే ప్రథమము.

ఐతే ఆ నియమములు ఒక్క లోకమునకే వ్రాయబడినవి. కత్తి, కవచము, మంత్రము, భూగర్భములోని నిధి, దానికి కాపలాగా భూతము: ఇంతవరకే వాని పరిధి. అంతరిక్షయానపు కథ ఆడదలచినవారికి 1977లో ట్రావెలర్ అను వేరొక ఆట వచ్చినది. దాని నియమములు వేరు. ఇట్లు లోకమునకొక పుస్తకము, పుస్తకమునకొక లెక్క. మిత్రబృందము ఒక కథనుండి వేరొక కథకు పోవలెనన్న మరల ఓనమాలనుండి మొదలుపెట్టవలసివచ్చినది. ఊరు మారినప్పుడెల్ల తూకపురాళ్లు మారిన వర్తకుని అవస్థ వంటిది ఆటగాండ్ర అవస్థ. అందుచేత అన్ని కథలకును చెల్లు కొలత యొకటి ఉండరాదా అను ఆలోచన పలుచోట్ల పొడసూపినది.

కాలిఫోర్నియాలోని కేయాసియం సంస్థ 1978లో రూన్‌క్వెస్ట్ అను ఆటను ప్రకటించెను. దానిలో ప్రతి విద్యకును నూటికి ఇంత అను లెక్క కలదు. ఈత నూటికి నలువది అనిన నూరింట నలువది మారులు ఫలించునని అర్థము. ఇది ఎవరికైనను వెంటనే బోధపడును. ఆ సంస్థ 1980లో గ్రెగ్ స్టాఫర్డ్, లిన్ విల్లిస్ అనువారిచే ఈ నియమముల సారమును పదునారు పుటల చిన్న పుస్తకముగా కూర్పించి, బేసిక్ రోల్ ప్లేయింగ్ అని పేరు పెట్టెను. మరుసటి యేడు ఆ సారముమీదనే కాల్ ఆఫ్ థులూ అను భయానక కథల ఆటను నిర్మించిరి. రూన్‌క్వెస్ట్ కత్తియుద్ధపు లోకము, కాల్ ఆఫ్ థులూ 1920ల నాటి అమెరికా. లోకము మారినను లెక్క మారలేదు. ఒకే వెన్నెముక మీద వేర్వేరు దేహములు నిలువగలవని ఋజువైనది.

అదే 1981లో ఛాంపియన్స్ అను మరియొక ఆట వెలువడినది. అది అద్భుతశక్తులుగల వీరుల కథలకు చెందినది. అందులో పాత్ర ఎట్టిదో పాచికలు నిర్ణయింపవు. ఆటగానికి కొన్ని పాయింట్లు ఇయ్యబడును. సంతకు డబ్బు తీసికొని పోయినట్లు, వానితో అతడు తనకు వలసిన శక్తులను కొనుక్కొనును. అందరికిని మూలధనము ఒకటే కనుక ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ అను మాట లేదు.

ఈ పాయలన్నిటిని ఒక ప్రవాహముగా చేసిన వ్యక్తి టెక్సాస్ రాష్ట్రమునకు చెందిన స్టీవ్ జాక్సన్. ఇదే పేరుగల ఆంగ్లేయ క్రీడారచయిత వేరు. జాక్సన్ మొదట మెటాగేమింగ్ అను సంస్థకు ద ఫాంటసీ ట్రిప్ అను ఆటను 1977 మొదలు 1980 వరకు భాగములుగా వ్రాసి ఇచ్చెను. పిదప ఆ సంస్థను వీడి, 1980లో ఆస్టిన్ నగరమున స్టీవ్ జాక్సన్ గేమ్స్ అను స్వంత సంస్థను స్థాపించెను. తాను వ్రాసిన ఆటపై హక్కులు పాత యజమాని చేతిలో ఉండిపోయినవి. వానిని కొనగోరెను కాని బేరము కుదరలేదు. ఆ హక్కులు మరల ఆయన చేతికి వచ్చినది 2017లో. తన చేతిపని తనది కాకపోయినప్పుడు శిల్పి చేయగలిగినది ఒక్కటే: మరల చెక్కుట. ఆయన కూడ అదే చేసెను. ఈసారి ఒక లోకమునకు కాదు, అన్ని లోకములకును పనికివచ్చు నియమావళిని చేయబూనెను.

దానికి తగిన పేరు తోచక, పనిజరుగుచున్న కాలమున పేరులేని మహాక్రీడ అని అర్థము వచ్చు ఆంగ్లపదముల మొదటి అక్షరములు కూర్చి, గర్ప్స్ అని హాస్యమునకు పిలుచుకొనిరి. చివరకు ఆ పొడియక్షరములే నిలిచినవి. అర్థము మాత్రము జెనెరిక్ యూనివర్సల్ రోల్ ప్లేయింగ్ సిస్టమ్ అని మారినది. సర్వసామాన్య పాత్రధారణ పద్ధతి యని దాని తాత్పర్యము. యుద్ధభాగము 1985లో మ్యాన్ టు మ్యాన్ అను పేరున ముందుగా రాగా, మూలగ్రంథము 1986లో వెలువడినది.

దాని నిర్మాణము తెలిసికొనుట కష్టము కాదు. ప్రతిమనిషికిని నాలుగు మూలగుణములు: బలము, చురుకుదనము, బుద్ధి, ఆరోగ్యము. సామాన్యునికి ఒక్కొక్కటి పది. వీనిపై ఆధారపడి విద్యలు ఉండును. ఏదేని పని చేయునపుడు మామూలు ఆరుముఖముల పాచికలు మూడింటిని వేయవలెను. మొత్తము ఆ విద్యయొక్క సంఖ్యకు సమానముగాని, తక్కువగాని ఐనచో పని నెరవేరినట్లు. మూడు పాచికలు పడు విధములు 216. పన్నెండుగాని అంతకు తక్కువగాని వచ్చు విధములు 160. అనగా తాళము తీయు విద్య పన్నెండుగా గలవాడు నూటికి దాదాపు 74 మారులు తీయగలడు. గది చీకటిగానున్నచో సూత్రధారుడు మూడు తగ్గించి తొమ్మిది చేసెననుకొందము. ఇప్పుడు అనుకూలించు విధములు 81 మాత్రమే, నూటికి ముప్పదియేడున్నర. ఒక్క పాచికయైనచో ఏ సంఖ్యయైనను సమానముగ పడును. మూడు పాచికల మొత్తము నడిమి సంఖ్యలవైపే ఒరగును. తొమ్మిది మొదలు పన్నెండు వరకు వచ్చు విధములే దాదాపు సగము. నిపుణుడు సాధారణముగా నిపుణునివలెనే నడుచును, అద్భుతమును అనర్థమును అరుదుగా మాత్రమే జరుగును. లోకానుభవము కూడ ఇట్టిదే కదా.

మనము మొదట చెప్పుకొన్న పిల్లల తగవును ఈ నియమావళి తీర్చు విధము చూడదగినది. కొట్టినవాడు తన విద్యను బట్టి పాచికలు వేయును. గురి తప్పినచో మాట లేదు. గురి కుదిరినచో ఎదుటివానికి కూడ ఒక అవకాశము కలదు: తప్పుకొనుటయో, కత్తితో కాచుకొనుటయో, డాలు అడ్డుపెట్టుటయో చేసి అతడును పాచికలు వేయును. ఇద్దరి మాటయు విన్న తరువాతనే దెబ్బ తగిలినదా లేదా అని తేలును. తగిలిన దెబ్బనుండి కవచము కాచినంత తీసివేయుదురు. పోరు సెకనుకొక ఎత్తుగా నడుచును. తాతగారు ఉభయపక్షముల సాక్ష్యము వినుటకు దీనికిని భేదము లేదు.

పాత్రను నిర్మించు విధానము మరింత ఆలోచింపజేయునట్టిది. ఆనాటి గ్రంథములో కథానాయకునికి నూరు పాయింట్లు. బలమునకు ఇంత, బుద్ధికి ఇంత, ధనమునకు ఇంత అని వ్యయము చేయవలెను. చాలనిచో లోపములను స్వీకరించి కొన్ని పాయింట్లు తిరిగి పొందవచ్చును. చూపు మందముగా నుండుట, ఒక కాలు లేకుండుట, పిరికితనము, పేదరికము: వీనిలో ప్రతిదానికిని ఒక వెల కలదు. విశేషమేమనగా, ఆ లోపముల పట్టికలో సత్యవాదిత్వము కలదు, నిజాయితీ కలదు, ఆడినమాట తప్పకుండు వ్రతము కలదు. మొదట చదివినపుడు ఇది విపరీతముగా తోచును. సత్యము లోపమా? కాని హరిశ్చంద్రుని తలచుకొనుడు. ఒక్క అబద్ధమాడినచో రాజ్యము నిలిచెడిది, ఆలుబిడ్డలు అమ్ముడుపోకుండెడివారు. ఆ ద్వారమును ఆయన తనకు తానే మూసికొనెను. భీష్ముడును తన ప్రతిజ్ఞచేత అట్లే కట్టుబడెను. నియమావళి దృష్టిలో లోపమనగా చెడుగుణము కాదు. మనుష్యుని స్వేచ్ఛకు కట్టు. ఆ కట్టునకు బదులుగా అతనికి వేరొకచోట బలము దక్కును. ఆటపుస్తకములో అంకెల నడుమ ఈ మాట చదివినవారు కొంతసేపు పుస్తకము మూసి ఆలోచింపకపోరు.

ఈ మూలగ్రంథమును ఆధారము చేసికొని లోకమునకొక అనుబంధగ్రంథము రాజొచ్చినది. 1987లో భయానక కథలకు, 1988లో అంతరిక్షమునకును ప్రాచీన జపానునకును, 1989లో హిమయుగపు గుహావాసులకు, 1992లో రోమక సామ్రాజ్యమునకు, ఇట్లు అనేకము. రాతిగొడ్డలి కాలమునకు సున్న, కంచునకు ఒకటి, ఇనుమునకు రెండు అని నాగరికతల సాధనసంపత్తికి వరుసయంకెలు ఏర్పరచిరి. ఏ కాలపు ఆయుధము ఏ కాలపు కవచమును భేదించునో దీనిచే పోల్చవచ్చును. అనుబంధములలో చరిత్ర, ఆచారములు, ఆహారము, ధరవరలు శ్రద్ధగా సేకరింపబడినవి. ఆటను ఎన్నడును ఆడనివారు కూడ విషయపరిజ్ఞానమునకై వానిని కొని చదివిరి.

ఈ శ్రద్ధయే ఒకసారి చిక్కు తెచ్చిపెట్టినది. 1990 మార్చి 1వ తేదీ ఉదయమున అమెరికా ప్రభుత్వపు సీక్రెట్ సర్వీసు అధికారులు ఆస్టిన్‌లోని స్టీవ్ జాక్సన్ గేమ్స్ కార్యాలయమును సోదా చేసిరి. ఒక టెలిఫోను సంస్థకు చెందిన పత్రము కంప్యూటరు ద్వారా అక్రమముగ నకలు చేయబడినదను విచారణలో, ఈ కార్యాలయమున పనిచేయు రచయిత యొకనిపై వారికి అనుమానము కలిగినది. సంస్థపై ఎట్టి నేరారోపణయు లేదు. అయినను కంప్యూటర్లను, వానితోపాటు అచ్చుకు సిద్ధమగుచున్న గర్ప్స్ సైబర్‌పంక్ అను గ్రంథపు ప్రతులను తీసికొనిపోయిరి. కంప్యూటర్ల జాలములో చొరబడు సాహసికులతో కూడిన ఒక భవిష్యల్లోకమును ఆ గ్రంథము కల్పించినది. ప్రతిని తిరిగి అడుగబోయినపుడు, ఇది కంప్యూటరు నేరములకు కరదీపిక వంటిదని తనకు సమాధానము వచ్చినట్లు జాక్సన్ తరువాత చెప్పెను. రంగస్థలముమీది అట్టకత్తిని పట్టుకొని ఆయుధముల చట్టము ప్రయోగించినట్లున్నది ఈ వ్యవహారము.

సంస్థకు ఆ నెలలు గడ్డుకాలము. గ్రంథమును పాతచిత్తుప్రతుల నుండియు జ్ఞాపకము నుండియు మరల కూర్చుకొనవలసివచ్చినది. రాబడి ఆగిపోగా దాదాపు సగముమంది ఉద్యోగులను తొలగింపవలసివచ్చినది. కంప్యూటర్లలో ఒకదాని ద్వారా ఆటగాండ్రు టెలిఫోను తీగమీద ఒకరికొకరు లేఖలు పంపుకొనుచుండిరి. ఇంకను విప్పి చదువని ఆ లేఖలు కూడ అధికారుల చేతికి పోయినవి. కంప్యూటరు ద్వారా వ్రాసినవారికిని కాగితముమీద వ్రాసినవారికిని ఒకే స్వాతంత్ర్యము ఉండవలదా అను ప్రశ్న అమెరికాలో పలువురిని కలవరపెట్టినది. ఆ యేటనే స్థాపింపబడిన ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అను సంఘము తొలినాళ్లలో చేపట్టిన వ్యవహారములలో ఇది యొకటి.

వ్యాజ్యము టెక్సాస్‌లోని ఫెడరల్ న్యాయస్థానమునకు వచ్చినది. 1993లో న్యాయమూర్తి శామ్ స్పార్క్స్ తీర్పు చెప్పెను. ప్రచురణకర్తల వ్రాతప్రతులను సోదాలనుండి కాపాడు చట్టము 1980 నుండి ఆ దేశమున అమలులో ఉన్నది. అధికారులు దానిని ఉల్లంఘించిరనియు, లేఖల విషయమున కూడ చట్టము తప్పిరనియు న్యాయమూర్తి నిర్ణయించి, 50 వేల డాలర్లకు పైగా నష్టపరిహారమును, వ్యాజ్యపు ఖర్చులను ఇప్పించెను. లేఖలు త్రోవలో పట్టుకొనబడినట్లు కూడ పరిగణింపవలెనని సంస్థ కోరినది కాని, ఆ ఒక్క అంశమును 1994లో పైకోర్టు అంగీకరింపలేదు. గ్రంథము మాత్రము 1990లోనే అచ్చై వెలువడినది. సీక్రెట్ సర్వీసు స్వాధీనము చేసికొనిన పుస్తకమిదియే యని దాని అట్టమీదనే ముద్రించుకొనిరి.

ఈ ఘట్టమున ఒక ధర్మసూక్ష్మము ఇమిడియున్నది. గర్ప్స్ నియమావళిలో రాజునకును కూలివానికిని పాచికలు మూడే. రాజనుటచేత అతని బాణము గురికి తగులదు. విద్య ఉన్నచో తగులును. 1993 నాటి తీర్పు తాత్పర్యమును అదియే. సోదాకు వచ్చినవాడు ప్రభుత్వాధికారి అయినంతమాత్రమున నియమము వానికి మారదు. ఆటలోని నియమము బల్ల చుట్టు ఉన్నవారి సమ్మతిచే నిలుచును. దేశములోని నియమము ప్రజల సమ్మతిచే నిలుచును. ఎవరికో ఒకరికి అది వర్తింపదన్నచో రెండుచోట్లను ఆట చెడును.

ఇక సర్వసామాన్య నియమములపై వచ్చిన ఆక్షేపణలను కూడ చెప్పుట న్యాయము. అన్ని రోగములకు ఒకే కషాయమా యని కొందరడిగిరి. కాల్ ఆఫ్ థులూ ఆటలో భయంకర దృశ్యములను చూచినకొలది పాత్రల మనఃస్థైర్యము అంకెలలో తరిగిపోవును. ఆ ఒక్క నియమము వలననే ఆడువారి వెన్నులో వణుకు పుట్టును. కథకు రుచి నియమములోనే ఉండవచ్చును. మన ఛందస్సులను తలచుకొన్న ఈ సంగతి బోధపడును. ద్విపదలో రామాయణమంతయు చెప్పినవారు మనకు కలరు. ఆ ఛందస్సు దేనినైనను మోయగలదు. అయినను సీసపు నడక కావలసినచోట ద్విపద చాలదు. గర్ప్స్ ద్విపద వంటిది.

రెండవ ఆక్షేపణ దాని బరువు. నియమములు పెరిగి పెరిగి, 2004 నాటి నాలుగవ కూర్పులో మూలగ్రంథమే రెండు సంపుటములైనది. క్రొత్తవారికొరకు సంస్థ ఒక సంగ్రహప్రతిని ఉచితముగ ఇయ్యవలసివచ్చినది. దీనికి ప్రతిగా తేలిక పద్ధతులు వచ్చినవి. స్టెఫన్ ఒసల్లివన్ 1992లో రూపొందించిన ఫజ్ అను పద్ధతిలో అంకెలకు బదులు మాటలే కొలతలు: అధమము, సాధారణము, మంచిది, అత్యుత్తమము అనునట్లు. దానినుండి 2003లో ఫేట్ పుట్టినది. ఆ యేటనే వచ్చిన సావేజ్ వరల్డ్స్ వేగమునకు ప్రాధాన్యమిచ్చినది. పట్టికలు వద్దు, తీర్పరి వివేకమే చాలునన్న 1876 నాటి సేనాని వాదమునకు వీనిలో ప్రతిధ్వని వినవచ్చును.

మూడవది స్వామ్యపు ప్రశ్న. నియమము ఎవరి సొత్తు? జాక్సన్ తన తొలి ఆటను పోగొట్టుకొనినప్పుడు ఎదురైన ప్రశ్న ఇదియే. 2000లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ప్రచురణకర్తలు తమ నియమముల మూలభాగమును ఇతరులు కూడ ఉపయోగించి ఆటలు వ్రాసికొనుటకు అనుమతిపత్రమిచ్చిరి. దానిపై అనేక సంస్థలు జీవించినవి. 2023 ఆరంభమున ఆ అనుమతిని మార్చు ప్రయత్నము జరుగగా, ఆటగాండ్రు తీవ్రముగా నిరసించిరి. చివరకు ఆ మూలభాగమును ఎవరైనను వాడుకొనగల క్రియేటివ్ కామన్స్ ఒడంబడికక్రింద విడుదల చేసిరి. పదిమంది కలిసి నడచిన త్రోవ మీద ఒకరు గేటు వేసినచో ఊరు ఊరకుండదు.

రెండువందల యేండ్ల ఈ ప్రయత్నము ఫలించినదా? కొంతవరకు ఫలించినదనియే చెప్పవలెను. గుహావాసికిని వ్యోమయాత్రికునకును ఒకే కొలత పెట్టవచ్చునని తేలినది. కాని ఎంత పెద్దగ్రంథమైనను బల్లమీద పుట్టు ప్రశ్నలన్నిటికిని ముందుగా సమాధానము వ్రాసి పెట్టలేదు. చీకటికి మూడు తగ్గింపవలెనా, నాలుగా? లోపల దగ్గుచున్నవాడు మంచిమాటకు లొంగునా? ఆ చోట సూత్రధారుని వివేకము కావలెను. అతడు పక్షపాతము లేనివాడను నమ్మకము మిగిలినవారికి ఉండవలెను. నియమము ఆ నమ్మకమునకు ఊతకఱ్ఱ. అది నమ్మకమునకు బదులు కాజాలదు.

వీథిలోని పిల్లలు సహితము ఒకనాటికి ఈ సంగతి కనుగొందురు. తాతగారు అరుగుమీద లేని సాయంకాలము వచ్చును. అప్పుడు వారే కూడబలుకుకొని, స్తంభము చాటున ఉన్నవానికి దెబ్బ తగులదనియు, మెట్టు దిగినచో తగులుననియు ఒక ఒప్పందము చేసికొందురు. ఆ ఒప్పందము అందరికిని వర్తించినంతకాలము ఆట సాగును, చీకటి పడి ఇంటినుండి పిలుపు వచ్చువరకు.